గెనిమ దాటిన పచ్చి గంగ

కుళ్ళాయప్ప బోరు పుష్యమాసంలోనే చేతులెత్తేసింది. మోటారు వేస్తే మొదట గాలి, గాలి వెంట ఇంత ఎర్ర బురద, తర్వాత ఆ బురదా లేదు. మిగతా ఊళ్ళన్నీ బత్తాయి అనే చెట్టును అనంతపురం వైపు చీనీ అంటారు. పూతకు ముందు చీనీ చెట్టుకు కొన్నాళ్ళు నీళ్ళు ఆపి దాహం పుట్టిస్తారు. దాన్ని బెట్టకు వదలడం అంటారు. బెట్ట విడిచి నీళ్ళు పెట్టాల్సిన సమయానికే కుళ్ళాయప్ప బోరు పోయింది. ఇక ఆ తోట పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదని గుమ్మళ్ళపల్లి మొత్తం తీర్మానించేసి, ఆయన కనిపిస్తే జాలిపడడం కూడా మొదలుపెట్టింది. మాఘంలో ఆ తోట విరగబూసింది.

చెట్టు బతికితే సంతోషించాలి. మనుషులకు ఆ అలవాటు తక్కువ, ఎందుకు బతికిందని ఆరా తీస్తారు. టీ అంగడి దగ్గర ఒకరు దేవుడి మహిమన్నారు, ఒకరు తాయెత్తన్నారు. కుళ్ళాయప్ప అన్న తిప్పేస్వామి మాత్రం పైపు అన్నాడు.

“పైపే పాపా! గెనిమ కింద యాడో పైపేసి నా బోరు నీళ్ళు లాక్కుంటాండాడు వాడు. ల్యాకుంటే చుక్క తడి లేకుండా అంత పూతెట్ల వస్తాది? నువ్వు సదువుకున్నదానివి, నువ్వే చెప్పు.”

ఆ మాట ఆయన అడిగింది చెల్లెలు చౌడేశ్వరిని. ఆమె చెట్ల శాస్త్రంలో డాక్టరు. జిల్లాలోని ఉద్యాన పరిశోధన కేంద్రంలో పని. నలభై దాటినా అన్నలిద్దరికీ ఆమె ఇంకా పాపే. ఆమెకు గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఎందుకంటే పెద్దన్న ప్రశ్నకు జవాబు ఏమై ఉంటుందో ఆ ఊళ్ళో అనుమానమున్న మనిషి ఆమె ఒక్కతే.

“నేను చూస్తా గానీ, నువ్వు గమ్మునుండు పెద్దన్నా” అంది.

“గమ్మునుండేదేంది? జేసీబీకి చెప్పినా. రేపు పొద్దున గెనిమ పొడుగునా తవ్విస్తా. పైపు బయటపడితే ఊరందరి ముందర వాని మొగాన కొడతా.”

ఆ సీమలో గట్టును గెనిమ అంటారు. ఈ గెనిమకు పెద్ద కథే ఉంది. నాయన నాటినప్పుడు అది ఒకటే తోట. పంపకాల్లో బోరున్న మిట్ట భాగం తిప్పేస్వామికి వచ్చింది. అక్కడ నీళ్ళున్నాయి గానీ నేల గరుసు, రాళ్ళమయం. వంక పక్కనున్న ఒండ్రు నేల కుళ్ళాయప్పకు వచ్చింది. అక్కడ బలముంది గానీ నీళ్ళు అంతంతమాత్రం. గెనిమ వేసిన రోజే కుళ్ళాయప్ప పెళ్ళాం అలవాటు కొద్దీ పెద్దాయన బోరు దగ్గర బిందె పెట్టింది. “తోట పంచుకున్నాం గానీ బోరు పంచుకోలేదు” అన్నాడు తిప్పేస్వామి. ఆ మాట అన్న మరుక్షణమే ఆయనకు నాలుక కరుచుకోవాలనిపించిందని తర్వాత ఆయన పెళ్ళాం ఓబుళమ్మ చెప్పింది. కానీ కరుచుకోలేదు. కుళ్ళాయప్ప బిందె బోర్లించి, “ఈ పొద్దు మొదులుకొని నీ తావున పచ్చి గంగ ముట్టను” అని ఒట్టేశాడు. “అట్లయితే నీ చేన్లో పండిన మెతుకు నేనూ ముట్టను” అని అన్న ఒట్టేశాడు. ఊళ్ళో వాళ్ళు దీన్ని తగాదా అనరు. మాట మీద నిలబడే వంశమని గొప్పగా చెప్పుకుంటారు. అప్పటినుంచీ రెండిళ్ళకూ రాకపోకలున్న మనిషి చౌడేశ్వరి ఒక్కతే. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

అన్నను ఆపలేక ఆమె తోటలోకి నడిచింది.

ఆమెకు చెట్టంటే ఇష్టం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. చిన్నప్పుడు నందివర్ధనం పువ్వును కాడతో సహా నీలం సిరాలో నిలబెట్టి, మర్నాటికి తెల్లటి రేకుల్లో నీలి ఈనెలు తేలడం చూసినప్పుడు పట్టుకున్న ఆశ్చర్యం అది, ఇంకా వదల్లేదు. చెట్టుకు గుండె లేదు, మోటారు లేదు, కరెంటు ఎప్పుడొస్తుందో అని లైన్‌మన్‌కు ఫోన్ చేసే బాధ లేదు. పైనున్న ఆకు తనలోని కాస్త తడిని ఎండకు వదులుతుంది. వదిలిన చోటు నింపుకోవడానికి వెనకున్న నీటిని లాగుతుంది. ఆ నీరు తన వెనకున్న నీటిని లాగుతుంది. అట్లా ఆకు కొస నుంచి వేరు కొస వరకు తెగని నీటి దారాలు. వాటిని మోసే గొట్టాలు ఒకప్పుడు బతికున్న కణాలే. పెరిగి, గోడలు గట్టి చేసుకుని, లోపలున్నదంతా ఖాళీ చేసుకుని చచ్చిపోతాయి. చచ్చాకే వాటి అసలు పని మొదలవుతుంది. నాయన పోయాక ఈ తోటలోకి వచ్చినప్పుడల్లా ఆమెకు ఆ సంగతి గుర్తొచ్చి కళ్ళు చెమర్చేవి. ఇక ఆకు వండిన తీపి, వేరు తోడిన సారం బెరడు కింది పొరలో మరో దారిన తిరుగుతుంటాయి, ఎక్కడ కొరత ఉంటే అక్కడికి.

ఆ ఆశ్చర్యం నుంచే అంటుపాలు పుట్టాయి. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరుంది. పాలలా ఉంటుంది కనుక, రెండు వేర్లను అంటు కడుతుంది కనుక, కేంద్రంలో అందరూ అంటుపాలనే అంటారు. చెట్టు మొదట్లో పోస్తే అందులోని సూక్ష్మజీవులు వేర్ల వెంట పాకుతాయి. పక్కపక్క చెట్ల వేర్లు తగిలిన చోట రెండింటి బెరడునూ మెత్తబరచి, గొట్టానికి గొట్టం, పొరకు పొర కలుపుతాయి. తోటంతా ఒకే చెట్టవుతుంది. దాహంతో ఉన్నదానికి నీళ్ళున్నది అందిస్తుంది. రెండేళ్ళ కింద చౌడేశ్వరి దాన్ని తొలిసారి బయటి నేలలో వాడింది పెద్దన్న తోటలోనే. ఆ గరుసు నేలలో చెట్లు పసుపు తిరిగి చావుకు దగ్గరగా ఉన్నాయి గనుక. కేంద్రం ఒకటే షరతు పెట్టింది. అంటు హద్దు దాటకూడదు. దాటితే అవతలి రైతు ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే అంటిన ప్రతి వేరునూ పెకలించి కాల్చెయ్యాలి. అందుకే ఆమె గెనిమ పొడుగునా కందకం తీయించి, తారు పట్టా దించి, మళ్ళీ పూడ్పించింది. దాహమేసిన వేరు తారు పట్టా అడుగు దాకా దిగి చూడకుండా ఊరుకుంటుందని నమ్మింది. అంత చదువూ చదివి!

పెద్దన్న చెట్లు ఏడాదిలో పచ్చబడ్డాయి. అది తన ఎరువుల గొప్పని తిప్పేస్వామి, తన అంటుపాల గొప్పని చౌడేశ్వరి అనుకున్నారు. ఆకుల్ని పరీక్షిస్తే ఆ నేలలో బొత్తిగా లేని జింకు వాటిల్లో కనిపించింది. లెక్క ఎక్కడో తప్పిందనుకుని ఆమె దాన్ని పక్కన పెట్టేసింది.

ఇప్పుడు చిన్నన్న తోట నీళ్ళు లేకుండా పూసింది.

రుజువు లేకుండా నోరు విప్పడానికి లేదు. రుజువు దొరికితే విప్పడం ఇంకా కష్టం. పైపు కోసం తవ్వితే వేర్లు ఎలాగూ తెగుతాయి, చిన్నన్న చెట్లు నిలువునా ఎండుతాయి. నీ బోరు నీళ్ళు వేర్ల గుండా పోతున్నాయని చెబితే పెద్దన్న ఇంకా లోతుగా తవ్విస్తాడు. చిన్నన్నకు చెబితే మరీ ఘోరం. పచ్చి గంగ ముట్టనన్న ఒట్టు కోసం తన తోటను తానే నరుక్కునే మనిషి ఆయన.

అయినా ముందు నిజం తెలియాలి. ఆమె పెద్దన్న తోటలో గెనిమకు దూరంగా బోరు పక్కనున్న చెట్ల దగ్గర తవ్వి, వేలి లావు వేర్లను కోసి, చెట్టు వైపు కొసల్ని నీలి రంగు కలిపిన నీళ్ళ డబ్బాల్లో ముంచింది. కేంద్రంలో వాడే రంగే, చెట్టుకూ మనిషికీ చెరుపు చెయ్యదు. ఆ తోటలో అందరికన్నా గట్టిగా లాగేది ఎవరో, రంగు వాళ్ళ దగ్గరికి పోతుంది. సాయంత్రానికి డబ్బాల్లో రంగు సగానికి తగ్గింది. మహా అయితే గెనిమ అంచున రెండు మూడు చెట్లకు అంటుకుని ఉంటుంది, తెల్లవారి చూసి ఆ నీలి పూలను తుంచేద్దాం, ఆపైన నిదానంగా ఆలోచిద్దాం అనుకుంది.

ఆ పూట భోజనం చిన్నన్న ఇంట్లో. కుళ్ళాయప్ప సంగటి ముద్దను పప్పులో అద్దుకుంటూ అడక్కుండానే చెప్పాడు.

“ఊరంతా నన్ను దొంగంటాండారు పాపా. నేను పైపేస్తే నా కండ్లు పోనీ. నా చెట్లు ఎట్ల బతికినాయో నాకే తెలీదు. పొద్దున లేస్తూనే పోయి వాటికి మొక్కుతాండా.”

చౌడేశ్వరి చెయ్యి కడుక్కుని లేచింది.

తెల్లవారి ఆమె ముఖం కూడా కడుక్కోకముందే కుళ్ళాయప్ప తోటలోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“పాపా! తోటకేదో రోగమొచ్చింది! పూలన్నీ నీలం తిరిగినాయి!”

అన్నీ అన్నది నిజమే. గెనిమ అంచున రెండు మూడు చెట్లు కాదు, వంక ఒడ్డునున్న చివరి చెట్టు దాకా ప్రతి కొమ్మా నీలి పూలు పట్టింది. తెల్లటి రేకుల్లో సన్నటి నీలి ఈనెలు, చిన్నప్పటి నందివర్ధనంలో చూసినట్టే. పెద్దన్న బోరు పక్కన ముంచిన రంగు రెండు తోటలూ దాటి, కందకం అడుగు నుంచి దూరి, ఎవరి భాగం ఎంతో ఎవర్నీ అడక్కుండా ఇక్కడికి వచ్చింది. రెండేళ్ళు పోరాడి తను కలపాలనుకున్నదాని కన్నా ఈ చెట్లు వంద రెట్లు ఎక్కువ కలుపుకున్నాయి. భయపడాల్సిన ఆ క్షణంలో చౌడేశ్వరి భయపడడం మరిచిపోయింది. తలెత్తి చూస్తూ, “ఎంత పని చేసినార్రా!” అంది చెట్లతో. ఆమె జీవితంలో అంత అందమైన రుజువు మరోటి చూడలేదు.

అప్పుడే తూర్పు కొస నుంచి జేసీబీ చప్పుడు వినిపించింది.

ఆమె జీపు దగ్గరికి పరుగెత్తి పెట్టె తీసుకుని గెనిమ మీదికి వచ్చేసరికి, ఊరు సగం అక్కడే ఉంది. తిప్పేస్వామి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. యంత్రం పంజా నేలలో దిగి తారు పట్టాను చించి పైకి లాగింది. పట్టాతో పాటు తెగిన వేర్లు వేలాడాయి.

“ఆపు పెద్దన్నా!”

“పైపు దొరికినాంక ఆపిస్తా.”

“పైపు లేదు. ముందు ఇది విను. విన్నాక నీ ఇష్టం.”

చెల్లెలు అంత గట్టిగా అరవడం ఆయన ఎన్నడూ వినలేదు. ఆమె తన పెట్టెలోని పట్టీని ఒక చెట్టు మానుకు బిగించి, చెవులకు పెట్టుకునేవి ఆయన తలకు తొడిగింది. చెట్టు లోపలి సన్నటి శబ్దాన్ని మనిషి చెవికి అందేలా చేసే యంత్రమది. తిప్పేస్వామి కాసేపు విన్నాడు.

“ఏముందిందులో? ఎవరో ఉలవలు ఏంచుతాండారు.”

“ఉలవలు కాదన్నా. ఆకు నుంచి వేరు దాకా నీళ్ళు దారం మాదిరి నిలబడి ఉంటాయి. వేరు తెగితే గాలి దూరి ఆ దారాలు తెగిపోతాయి. ఒక్కో టిక్కు ఒక్కో దారం. ఒకసారి తెగినాయంటే మళ్ళీ అతకడం శానా కష్టం.”

“వాని చెట్టు తెగితే నాకేంది?”

“నువ్వు వింటాండేది వాని చెట్టు కాదు. నీదే.”

తిప్పేస్వామి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె పట్టీ బిగించింది తన వైపు చెట్టుకే. పాదు నిండా నీళ్ళున్నాయి, ఆకులు మాత్రం ముడుచుకుపోతున్నాయి. ఆయన ముఖంలో రంగు మారింది. ఆమె పట్టీని తీసి గెనిమకు అవతలున్న తమ్ముడి చెట్టుకు బిగించింది.

“ఇదీ అదే మాదిరి ఏడుస్తాండాది” అన్నాడాయన, గొంతు తగ్గించి.

“రెండు చెట్లు ఉంటే గదా రెండు ఏడుపులు! నా అంటుపాలు గెనిమ దాటిపోయినాయి పెద్దన్నా. నాయన నాటినప్పటి మాదిరే ఇప్పుడిది ఒకటే తోట. నువ్వు ఎక్కడ కోసినా నీదే తెగుతాది.”

తిప్పేస్వామి చెయ్యెత్తాడు. జేసీబీ ఆగింది.

అప్పటికే ఆలస్యమైంది. ఆ తూర్పు కొసన రెండు వైపులా వాడిన చెట్లు చివరికి దక్కలేదు. చౌడేశ్వరి ఎంత తంటాలు పడినా వాటిలో దారాలు మళ్ళీ నిలబడలేదు, కొట్టేయాల్సి వచ్చింది. వాటి మొద్దులు మాత్రం చావలేదు. ఆకు లేని, కాయ కాయని ఆ మొద్దుల్ని పక్క చెట్లు ఈనాటికీ సాకుతున్నాయి. అది తర్వాతి సంగతి.

అన్నీ విన్న కుళ్ళాయప్ప జనంలోంచి ముందుకు వచ్చాడు, చేతిలో గొడ్డలి ఉంది.

“అంటే నా చెట్లు తాగింది వాని బోరు నీళ్ళా?”

“అవును చిన్నన్నా.”

“ఊరందరి ముందర ఒట్టేసినా. చెట్లు ఎండితే ఎండనీ, మిగిలిన వేర్లు నేనే నరుకుతా” అంటూ కందకంలోకి దిగాడు. చెప్పింది చేసే మనిషని తెలుసు గనుక ఎవరూ అడ్డం పోలేదు. షరతు ప్రకారం ఆయన ఒప్పుకోకపోతే ఆ పని చివరికి చౌడేశ్వరి చెయ్యాల్సిందే. గొడ్డలి పైకి లేచింది.

“పోయినేడు నీకు జొరమొచ్చినప్పుడు ఏం తాగినావు?” అని అడిగిందామె.

గొడ్డలి ఆగింది. “నా తోట కాయల రసం. వారం దినాలు దాంతోనే బతికినా. ఏంటికి?”

“పోయినేడు వేసవిలో నీ బోరు సగం కూడా పొయ్యలేదు. ఆ కాయల్లోకి నీళ్ళు యాడనుంచి వచ్చినాయనుకున్నావు? నువ్వు తాగింది పెద్దన్న పచ్చి గంగే.”

కుళ్ళాయప్ప గొడ్డలి దించి, కందకంలోంచి తన వైపు గట్టెక్కాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. తిప్పేస్వామి మీసాల కింద నవ్వు దాగలేదు. “వారం దినాలు తాగినాడంట! నా పచ్చి గంగ!”

“నువ్వేందబ్బా నవ్వేది?” అంది ఓబుళమ్మ. అందాకా ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని వింటూ ఉంది. “పాపా, మా చెట్ల పసుపు పోయింది దేంతో? మా రాళ్ళల్లో అంత బలం యాడుండాది?”

చౌడేశ్వరికి పక్కన పెట్టేసిన జింకు లెక్క అప్పుడు గుర్తొచ్చింది. ఆ లెక్క తప్పలేదు. తనే తప్పింది.

“చిన్నన్న చేన్లోది వదినా. ఆయన ఏటా ఎరువుకని గొర్రెల మంద కట్టించే ఒండ్రు నేలలోది. నీళ్ళు ఇటునుంచి అటు పోతే, సారం అటునుంచి ఇటు వచ్చింది.”

“విన్నావా?” ఓబుళమ్మ మొగుడి వైపు తిరిగింది. “వాని మెతుకు ముట్టనన్నావే! రోజూ పొద్దున్నే కాయ ఒలుచుకొని, ఏం తీపి ఏం తీపి అని చప్పరిస్తివే! ఆ తీపెవరిది?”

తిప్పేస్వామి నవ్వు అక్కడికక్కడే ఆరిపోయింది. అన్నాతమ్ముడూ కందకానికి అటూ ఇటూ నిలబడి, చాలా ఏళ్ళ తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి ఒట్లనూ నోరు లేని చెట్లు ఎప్పుడో తీసి గట్టున పెట్టేశాయి. తెలియకపోవడం వల్ల ఇద్దరూ ఇన్నాళ్ళూ మాట మీద నిలబడ్డారు.

తిప్పేస్వామి బోరు వైపు నడిచాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో చెంబు ఉంది. కందకం మీదుగా వంగి దాన్ని తమ్ముడి ముందుకు చాచాడు.

“గొంతు ఎండిపోయింటాది. తాగు” అన్నాడు.

కుళ్ళాయప్ప గొడ్డలి కింద పెట్టాడు. రెండు చేతులా చెంబు అందుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత వంగి, నీళ్ళన్నీ ఒక్క చుక్క పక్కకు పోకుండా తన చెట్టు మొదట్లో పోశాడు.

“నేను ముట్టను. ఒట్టంటే ఒట్టే” అన్నాడు. “చెట్టు తాగనీ. నాకు దప్పికైనప్పుడు దాన్నడిగి తాగుతా.”

“ఒప్పుకున్నట్టేనా చిన్నన్నా?” అంది చౌడేశ్వరి.

“నన్నడుగుతావేంది? చెట్టునడుగు.”

తిప్పేస్వామి ఖాళీ చెంబు కోసం చెయ్యి చాచాడు. “నీ బెట్టు ఆ చెట్టుకు లేదు, అదే మేలు” అన్నాడు. “ఉండు, ఒక చెంబు దానికేం సాలుతాది, ఇంకోటి తెస్తా.”